టికెట్‌కి స్పానిష్‌లో ఏ మాట వాడాలి? బియ్యేతె, ఎంత్రాద, బొలేతొ మధ్య తేల్చుకోలేకపోతున్నా

రాతబల్ల

అందరికీ నమస్కారం. ప్రయాణాలకీ షోలకీ టికెట్లు అమ్మే ఒక యాప్‌ని స్పానిష్‌లోకి తెచ్చే పని మా టీమ్‌కి వచ్చింది. స్పానిష్ నేను కోర్సులో చేరి నేర్చుకున్నాను, మధ్యస్థాయి దాకా చదివాను. వాక్యాలు రాయడానికి పెద్ద ఇబ్బంది లేదు. నన్ను ఆపేసింది ఒక మామూలు మాట: టికెట్.

ఇంగ్లీష్ ఫైల్‌లో ఆ మాట అడుగడుగునా ఉంది. రైలు, విమానం, సిటీ బస్సు, సినిమా, మ్యూజియం, ఫుట్‌బాల్ మ్యాచ్, అన్నిటికీ టికెట్టే. పార్కింగ్ దగ్గర మెషిన్ ఇచ్చే చీటీ టికెట్టే. ట్రాఫిక్ రూల్ తప్పితే పోలీసులు రాసిచ్చేదీ టికెట్టే. చివరికి యాప్‌లో ఏదైనా పనిచేయకపోతే కస్టమర్ పెట్టే ఫిర్యాదు కూడా టికెట్టే. తెలుగు ఫైల్ అయితే చాలా చోట్ల టికెట్ అని రాసేసి ముందుకు వెళ్లిపోయేదాన్ని.

నిఘంటువు తెరిస్తే బియ్యేతె, బొలేతొ, ఎంత్రాద, పసాహె, తికేతె, తీకె అని కామాలు పెట్టి వరసగా ఇచ్చింది, ఏది ఎక్కడో చెప్పలేదు. మెషిన్ అనువాదం ఒక స్క్రీన్‌లో బియ్యేతె అంటుంది, తర్వాతి స్క్రీన్‌లో అదే టికెట్‌ని బొలేతొ అంటుంది. మాకు రెండు కాలమ్‌లు ఉన్నాయి. ఒకటి స్పెయిన్‌కి, రెండోది మొత్తం లాటిన్ అమెరికాకి (ఫైల్‌లో ఈఎస్-419 అని ఉంది). రెండింటికీ పనికొచ్చే మాట ఏదైనా ఉందా? ఎంత్రాద అన్న మాట నాకు బాగా అలవాటు. దాన్ని బస్సుకి కూడా వాడితే కాస్త కొత్తగా అనిపిస్తుందా, లేక తప్పే అవుతుందా? స్పానిష్‌తో రోజూ పని ఉన్నవాళ్లు చెబితే చాలా సాయం.

(స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను. వాళ్ల త, ద మన త, ద లాగే పళ్లకు నాలుక తగిలి పలికేవి కాబట్టి మనకి ఇదే సులువు.)

పుటలూ పదాలూ

రెండు కాలమ్‌లకీ సరిపోయే ఒక మాట లేదు రాతబల్ల గారూ. దానికోసం వెతకడం ఇక్కడితో ఆపేయండి. ఎంత్రాద సంగతి కూడా ముందే చెప్పేస్తాను. బస్సుకి అది తప్పే. ఎంత్రాద అంటే లోపలికి వెళ్లడం, లోపలికి వెళ్లే దారి. 'ఎంత్రాద దెల్ ఔతొబూస్' అని చదివితే బస్సు ఎక్కే తలుపు గుర్తొస్తుంది, టికెట్ గుర్తురాదు.

నా పని రవాణా, టూరిజం పత్రాల అనువాదం. అందులో ఈ మాట తగలని రోజు ఉండదు. టికెట్ అని కనిపించగానే నేను మొదట చూసేది, ఆ కాగితం చేతిలో ఉన్న మనిషికి అది దేనికి పనికొస్తోంది అని. ఒక చోటు నుంచి ఇంకో చోటికి వెళ్లడానికా? ఒక తలుపు దాటి లోపల కూర్చోవడానికా? లేకపోతే డబ్బు కట్టామనో, బండి ఇన్ని గంటలకి పెట్టామనో రుజువు చూపించడానికా? అది తేలాకే దేశం సంగతి. చాలామంది ముందు దేశం దగ్గర మొదలుపెట్టి చిక్కుల్లో పడతారు. 'స్పెయిన్‌లో టికెట్‌ని ఏమంటారు' అని స్పెయిన్ మనిషిని అడిగి చూడండి. 'దేనికి టికెట్?' అని తిరిగి అడుగుతారు.

స్పెయిన్‌లో ఈ గీతలు చాలా స్పష్టంగా ఉంటాయి. ప్రయాణమైతే బియ్యేతె. అక్కడి రైల్వే సంస్థ రెన్ఫె సైట్ తెరవండి, అన్నీ బియ్యేతెలే. విమానానికీ అదే, దూరపు బస్సుకీ అదే. మాద్రిద్ మెట్రోలో 2018 నుంచి కాగితం టికెట్లు పోయి కార్డులో ఎక్కించుకునే పద్ధతి వచ్చింది. అయినా ఒక్కసారి ప్రయాణానికి కొనేదాన్ని ఇప్పటికీ బియ్యేతె సెన్సీయొ అనే అంటారు. కాగితం పోయినా మాట నిలబడింది. కాబట్టి మీ యాప్‌లో ఫోన్ తెర మీద కనిపించే క్యూఆర్ కోడ్‌ని కూడా ధైర్యంగా బియ్యేతె అనండి.

లోపలికి వెళ్లడానికైతే ఎంత్రాద. ప్రాదొ మ్యూజియం, గ్రనాదాలోని అల్హంబ్రా కోట, సినిమా, నాటకం, స్టేడియం అన్నిటికీ ఇదే. ఇక్కడ బియ్యేతె అంటే అర్థం కాకపోదు కానీ, బయటివాళ్లు అనువాదం చేశారని వెంటనే తెలిసిపోతుంది.

రుజువు చీటీ అయితే తీకె. షాపులో బిల్లు, పార్కింగ్ చీటీ ఈ కోవలోకి వస్తాయి. రాయల్ స్పానిష్ అకాడమీ, అమెరికా ఖండంలోని అకాడమీలు కలిసి 2005లో తెచ్చిన సందేహాల నిఘంటువు ఇంగ్లీష్ స్పెల్లింగ్ బదులు తీకె అనే రాయమంటుంది. బహువచనం తీకెస్. స్పెయిన్ వీధుల్లో మాత్రం ఇంగ్లీష్ స్పెల్లింగే ఎక్కువ కనిపిస్తుంది. యాప్‌లో మీరు తీకె రాయండి. అందరికీ అర్థమవుతుంది, ఎవరూ తప్పుపట్టరు. ఒక్క జాగ్రత్త: యాప్ పంపే బిల్లు స్పెయిన్ పన్ను చట్టం ప్రకారం ఇచ్చేదైతే దానికి చట్టం పెట్టిన పేరు వేరే ఉంది. 2013 జనవరి 1 నుంచి అక్కడ తీకె స్థానంలో 'ఫక్తూర సింప్లిఫికాద' వచ్చింది. ఆ వరసను మీ లీగల్ వాళ్లకి చూపించకుండా వదలకండి.

పోలీసులు రాసేది ముల్త, అంటే జరిమానా. ఈ ఒక్క మాట గురించి మీకు నిశ్చింత. ప్రతి దేశంలో దీనికి స్థానికంగా ఇంకో పేరు ఉన్నా ముల్త అంటే అర్థంకాని స్పానిష్ మనిషి ఉండరు. రెండు కాలమ్‌లలోనూ అదే పెట్టేయండి.

ఇక సముద్రం దాటితే మెక్సికో. అక్కడ ఈ గీతలన్నీ చెరిగిపోతాయి. బొలేతొ ఒక్కటే అన్నిటినీ మోసేస్తుంది. మెట్రో, బస్సు, విమానం, సినిమా, కచేరీ, చివరికి రాఫిల్ చీటీ కూడా బొలేతొ. మెక్సికో సిటీలో ఫ్రీద కాలొ మ్యూజియం సైట్‌లో కొనేది కూడా బొలేతొయే. మన తెలుగువాళ్లు టికెట్ అనేసినట్టే వాళ్లు బొలేతొ అనేస్తారు, అందుకే మనకి ఈ మాట త్వరగా నచ్చుతుంది. నచ్చింది కదా అని స్పెయిన్ కాలమ్‌లో పెట్టేయకండి. స్పెయిన్‌లో బొలేతొ అంటే అంకెలు నింపి ఇచ్చే లాటరీ ఫారమ్ లేదా పోటీల మీద పందెం చీటీ. 'మీ బొలేతొ సిద్ధంగా ఉంది' అని నోటిఫికేషన్ వస్తే, ఏదో తగిలిందనుకుని తెరిచేవాళ్లు ఉంటారు.

మెక్సికో మనిషికి బియ్యేతె అంటే మొదట తట్టేది కరెన్సీ నోటు. స్పెయిన్‌లోనూ నోటు బియ్యేతెయే, కాకపోతే అక్కడ సందర్భాన్ని బట్టి రెండూ నడుస్తాయి.

లాటరీ మీ యాప్‌లో లేదనుకుంటాను, ఉన్నా లేకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను. డిసెంబర్ 22న తీసే స్పెయిన్ క్రిస్మస్ లాటరీ 1812లో కాదిస్‌లో మొదలైంది. అందులో జనం కొనేది దేసిమొ, అంటే పదోవంతు. దాని ధర 20 యూరోలు. పది దేసిమొలు కలిస్తే ఒక పూర్తి బియ్యేతె. మెక్సికోలో జాతీయ లాటరీ ముక్కని కచీతొ అంటారు. 2020 సెప్టెంబర్ 15న అధ్యక్షుడి విమానం పేరు మీద తీసిన పెద్ద డ్రాకి 500 పెసోల చొప్పున 60 లక్షల కచీతొలు వేశారు. ఒకే వస్తువు, ఒకే భాష, రెండు దేశాల్లో పేర్లకి పోలికే లేదు. నిఘంటువులో కామాలు పెట్టి ఇచ్చే జాబితా మీద నాకు కోపం ఇందుకే. అందులో ఉన్న మాటలు అబద్ధం కాదు, కానీ వాటి మధ్య ఉన్న దూరం ఆ కామాల్లో కనిపించదు.

దూరం కనిపించాలంటే అకాడమీల సంఘం 2010లో తెచ్చిన అమెరికనిజాల నిఘంటువు చూడండి. ప్రతి అర్థం పక్కన ఏయే దేశాల్లో వాడతారో పొట్టి అక్షరాల్లో ఉంటుంది. సంఘం సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. దానికన్నా నేను ఎక్కువ నమ్మేది ఇంకొకటుంది. ఆ దేశపు రైల్వే, బస్సు స్టాండ్, పెద్ద మ్యూజియం, ఫుట్‌బాల్ క్లబ్ సైట్లు తెరిచి, 'కొనండి' అన్న బటన్ మీద ఏ మాట ఉందో చూడడం. కొనేవాళ్లు ఆ మాటనే చూసి డబ్బు కడుతున్నారు. మీ యాప్‌లో కూడా వాళ్లు అదే మాట కోసం చూస్తారు.

అండీస్ డెస్క్

పైన చెప్పిన మెక్సికో పద్ధతి లాటిన్ అమెరికా మొత్తానిది కాదని గట్టిగా చెప్పడానికి వచ్చాను. నేను కొలంబియా కస్టమర్లకి సపోర్ట్ ఇచ్చే టీమ్‌లో ఉన్నాను. రోజంతా వాళ్లతో ఫోన్‌లో మాట్లాడే పని.

కొలంబియాలో విమానం టికెట్ తికేతె. ఎయిర్‌లైన్ మెయిళ్లలో, జనం మాటల్లో అదే. బస్సుకి ఎక్కువగా పసాహె. కచేరీకి, మ్యాచ్‌కి, సినిమాకి బొలేత. చివర ఒ కాదు, అ. ఈ ఒక్క అచ్చు తేడాకే దేశాల మధ్య అర్థం తిరిగిపోతుంది. చిలీలో బొలేత అంటే షాపులో ఇచ్చే బిల్లు. మెక్సికోలో పిల్లల మార్కుల కార్డు. అర్జెంటీనాలో ఎన్నికల్లో వేసే ఓటు చీటీ. కచేరీ బొలేత పోయిందని కొలంబియా అమ్మాయి చెబితే, చిలీ ఏజెంట్ షాపు బిల్లు గురించి ఆలోచిస్తాడు.

పోలీసులు ఇచ్చేది మా కస్టమర్లు కొంపరెందొ అంటారు. పెరూలో పపెలేత, చిలీలో పార్తె. ముల్త అన్నా అర్థమవుతుందన్నది నిజమే, నేనూ దానికే ఓటు.

సపోర్ట్ టికెట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను చెబుతాను. మా ఐటీ వాళ్ల మధ్య ఇంగ్లీష్ మాటే నడుస్తుంది, 'అబ్రీర్ ఉన్ టికెట్' అంటారు. కస్టమర్‌తో మాత్రం అలా అనం. వాళ్లు అడిగేది 'నూమెరొ దె కాసొ', అంటే కేసు నంబర్. ప్రభుత్వ ఆఫీసులతో, బ్యాంకులతో పని అలవాటైన కొలంబియా వాళ్లయితే 'రదికాదొ' నంబర్ అడుగుతారు. ఫిర్యాదు అందిందని నమోదు చేసి ఇచ్చే నంబర్ అది. ప్రయాణానికి టికెట్లు అమ్మే యాప్‌లో ఫిర్యాదుని కూడా టికెట్ అంటే గందరగోళం తప్పదు. 'నా టికెట్ క్లోజ్ అయిందని మెయిల్ వచ్చింది, రేపు ప్రయాణం ఉందా లేదా' అని కంగారుగా ఫోన్ చేస్తారు. అది చూస్తుంటే బాధగా ఉంటుంది, పాపం వాళ్ల టెన్షన్ వాళ్లది. లాటిన్ అమెరికా కాలమ్‌లో కాసొ అని పెట్టండి. స్పెయిన్ సంగతి పుటలూ పదాలూ గారు చెబుతారు.

పుటలూ పదాలూ

స్పెయిన్‌లో ఇన్సిదెన్సియ అనండి. రైలు ఆలస్యమైనా, యాప్ తెరుచుకోకపోయినా, సామాను రాకపోయినా అక్కడ అందరూ వాడే మాట అదే. రదికాదొ గురించి రాసినందుకు థాంక్స్ అండి. అలాంటివి పుస్తకంలో దొరకడం కష్టం, ఫోన్ దగ్గర కూర్చున్నవాళ్లే చెప్పాలి.

తొమ్మిదో నంబర్ జెర్సీ

అర్జెంటీనా ఫుట్‌బాల్ మీద ఇష్టంతో స్పానిష్ నేర్చుకున్నవాణ్ణి. అక్కడి రేడియో కామెంటరీ, పత్రికలు రోజూ వింటూ చదువుతూ ఉంటాను. అక్కడ లెక్క ఇంకోలా ఉంటుంది.

మ్యాచ్‌కి ఎంత్రాద, ఇక్కడ స్పెయిన్‌తో కలుస్తారు. విమానానికీ దూరపు బస్సుకీ పసాహె. సిటీ బస్సుకి, లోకల్ రైలుకి బొలేతొ. ఇప్పుడు అందరూ కార్డు తాకించి ఎక్కేస్తున్నారు, చేతికి కాగితం రాదు. అయినా చార్జీ పెరిగినప్పుడు పత్రికల్లో వచ్చేది 'బొలేతొ ధర పెరిగింది' అనే. అంటే అక్కడ బొలేతొ అనగానే తట్టేది ఊళ్లో తిరిగే చవక ప్రయాణం. అంతర్జాతీయ విమానానికి బొలేతొ అని రాస్తే అర్థమవుతుంది గానీ, మెక్సికోలో తయారైన యాప్ అనుకుంటారు.

ఆ మాటకి అక్కడ ఒక బరువు కూడా ఉంది. లా ప్లాతా నగరంలో 1975లో హైస్కూలు పిల్లలు బస్సుల్లో విద్యార్థి రాయితీ కోసం పోరాడారు. దాన్ని 'బొలేతొ ఎస్తుదియాంతీల్' అంటారు. మరుసటి ఏడాది సైనిక ప్రభుత్వం వచ్చింది. 1976 సెప్టెంబర్ 16 రాత్రి ఆ ఊళ్లో విద్యార్థుల్ని ఇళ్ల నుంచి ఎత్తుకుపోయారు. కొందరు తిరిగి రాలేదు. ఆ రాత్రిని అక్కడివాళ్లు 'పెన్సిళ్ల రాత్రి' అంటారు, ప్రతి సెప్టెంబర్‌లో తలుచుకుంటారు. మీ యాప్‌లో ఏ మాట పెట్టాలన్నదాన్ని ఇది మార్చదు. కానీ అర్జెంటీనాలో విద్యార్థి రాయితీ బటన్ పెట్టే రోజు వస్తే, దానికి కొత్త పేరు కనిపెట్టకుండా బొలేతొ ఎస్తుదియాంతీల్ అనే రాయండి. వాళ్లకి ఆ పేరు ముఖ్యం.

టికెట్ కౌంటర్ కూడా చూసుకోండి. స్పెయిన్, మెక్సికో, కొలంబియాలలో తకీయ. అర్జెంటీనా, చిలీలలో బొలెతెరీయ. బ్యూనస్ ఎయిరెస్‌లో కొలోన్ థియేటర్‌కి వెళితే, బొలెతెరీయలో ఎంత్రాద కొంటారు. కౌంటర్ పేరు బొలేతొ నుంచే వచ్చినా లోపల అమ్మేది ఎంత్రాద.

రాతబల్ల

మీ ముగ్గురికీ చాలా థాంక్స్. స్పెయిన్ కాలమ్ ఈ సాయంత్రమే నింపేశాను, ఒక్క చోట కూడా ఆగలేదు. ఇప్పుడు రెండు విషయాలు మిగిలాయి.

ఒకటి, ఈఎస్-419 కాలమ్. మెక్సికోకి బొలేతొ, కొలంబియాకి తికేతె, అర్జెంటీనాకి పసాహె అని తెలిసింది. కానీ నాకున్నది ఒకే గడి. దేశానికో కాలమ్ అడిగితే ఇప్పుడే ఇవ్వలేమన్నారు.

రెండు, మా డెవలపర్లు ఒక పద్ధతి పెట్టారు. 'మీ ఫలానా ఖరారైంది' అని ఒకే వాక్యం రాసి, ఆ ఫలానా చోట రైలు టికెట్, సినిమా టికెట్ అని మాటలు దూర్చేలా కోడ్ ఉంది. ఇంగ్లీష్‌లో సమస్య లేదు. స్పానిష్‌లో ఇది కుదురుతుందా?

పుటలూ పదాలూ

రెండోది ముందు. కుదరదు. దీని మీద మీరు డెవలపర్లతో గట్టిగా మాట్లాడాలి. బొలేతొ, బియ్యేతె, పసాహె పుంలింగాలు. ఎంత్రాద, బొలేత స్త్రీలింగాలు. పక్కనున్న మాట దాన్ని బట్టి మారాలి. 'తు బియ్యేతె ఎస్తా కొన్ఫిర్మాదొ' అనాలి, 'తు ఎంత్రాద ఎస్తా కొన్ఫిర్మాద' అనాలి. రెండు సినిమా టికెట్లు కొంటే 'తుస్ ఎంత్రాదాస్ ఎస్తాన్ కొన్ఫిర్మాదాస్'. వాక్యంలో ప్రతి ముక్కా మారిపోయింది చూడండి. ఖాళీ పెట్టి మాట దూర్చే వాక్యం ఇందులో ఒకదానికే సరిపోతుంది, మిగతావన్నీ తప్పుతాయి. స్పానిష్ మనిషికి లింగం తప్పితే కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డబ్బు కట్టిన వెంటనే వచ్చే స్క్రీన్‌లో అలాంటి తప్పు ఉంటే యాప్ మీదే నమ్మకం పోతుంది.

అడగాల్సింది ఇది: ఇంగ్లీష్ ఫైల్‌లో టికెట్ అన్న ఒక్క కీ (కోడ్ ఆ మాటని పిలిచే పేరు) బదులు ప్రయాణం, ప్రవేశం, పార్కింగ్, జరిమానా, ఫిర్యాదు అని వేర్వేరు కీలు. ప్రతిదానికీ పూర్తి వాక్యం, ఏకవచనం ఒకటి, బహువచనం ఒకటి. ఇంగ్లీష్‌లో ఆ గడులన్నిటిలో ఒకే మాట ఉంటుంది, ఉండనివ్వండి. 'ఒకే మాటని ఇన్నిసార్లు ఎందుకు' అని అడిగితే ఈ మూడు స్పానిష్ వాక్యాలు చూపించండి. రేపు పోర్చుగీస్, ఫ్రెంచ్ చేసినా ఈ పని అక్కరకొస్తుంది.

ఇక 419. అది ఐక్యరాజ్యసమితి గణాంకాల్లో లాటిన్ అమెరికా, కరిబియన్ ప్రాంతానికి పెట్టిన కోడ్. అలా మాట్లాడే మనిషి ఎక్కడా లేడు. కాబట్టి ఇక్కడ అందరికీ నచ్చే మాట దొరకదు, ఎవరికీ తప్పుగా అర్థం కాని మాట వెతకాలి. నేనైతే ప్రయాణానికి బొలేతొ, ప్రవేశానికి ఎంత్రాద పెడతాను. కొలంబియా మనిషి బొలేతొ దె అవియోన్ అని చదివితే, తమ మాట కాదు అనుకుంటారు తప్ప అర్థం మాత్రం తప్పరు. మెక్సికోలో సినిమాకి ఎంత్రాద అన్నా అంతే. అదే బియ్యేతె పెడితే నోటు, బొలేత పెడితే బిల్లు, మార్కుల కార్డు, ఓటు చీటీ. ఆ ప్రమాదం బొలేతొలో చాలా తక్కువ.

తక్కువ అన్నాను, లేదు అనలేదు. ప్యూర్తొ రీకొలో బొలేతొ అంటే ట్రాఫిక్ జరిమానా. సినిమా టికెట్‌ని వాళ్లు తకీయ అంటారు, మిగతా చోట్ల కౌంటర్‌ని పిలిచే పేరు. అందుకే 'కొత్త బొలేతొ వచ్చింది' లాంటి పొట్టి నోటిఫికేషన్లు రాయకండి. ఎప్పుడూ వెనకాల ఒక మాట తగిలించండి: బొలేతొ దె అవియోన్, బొలేతొ దె ఔతొబూస్. బటన్ కాస్త పొడవవుతుంది, డిజైన్ వాళ్లు సణుగుతారు. అయినా పట్టు వదలకండి.

పార్కింగ్‌కి స్పెయిన్‌లో తీకె దె అపర్కమియెంతొ. 419లో ఇంగ్లీష్ టికెట్ స్పెల్లింగ్‌నే ఉంచి వెనకాల దె ఎస్తసియొనమియెంతొ చేర్చండి. అపర్కార్ అన్న క్రియ స్పెయిన్‌ది. మెక్సికో, అర్జెంటీనాలలో బండిని ఎస్తసియొనార్ చేస్తారు.

తొమ్మిదో నంబర్ జెర్సీ

ఎప్పటికైనా అర్జెంటీనాకి విడిగా కాలమ్ ఇస్తే ఇంకొకటి మారాలి. మెక్సికోలో 'నీ టికెట్ కొను' అంటే 'కొంప్ర తు బొలేతొ'. అర్జెంటీనాలో 'కొంప్రా తు పసాహె', ఊనిక చివరి అచ్చు మీదికి జరుగుతుంది, రాతలోనూ ఆ గుర్తు పెట్టాలి. 'నువ్వు' అనడానికి అక్కడ తు బదులు వొస్ వాడతారు కాబట్టి క్రియ అలా మారుతుంది ('నీ' అనే తు మాత్రం అలాగే ఉంటుంది). మెక్సికో వాక్యంలో బొలేతొ తీసేసి పసాహె పెడితే సగం పనే అయినట్టు.

రాతబల్ల

కీలు విడగొట్టడానికి ఒప్పుకున్నారు. ఆ మూడు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూపించాను, రంగులు వేసి. ఇక వాదన రాలేదు.

చివరిగా మూడు చిన్న వరసలు: ఈ-టికెట్, రానూపోనూ టికెట్, బోర్డింగ్ పాస్.

పుటలూ పదాలూ

ఈ-టికెట్ స్పెయిన్‌కి బియ్యేతె ఎలెక్త్రోనికొ, 419కి బొలేతొ ఎలెక్త్రోనికొ. రానూపోనూకి 'ఈద ఇ వ్వెల్త' అని రెండు చోట్లా పెట్టండి. మెక్సికోలో రెదొందొ అంటారు, అంటే గుండ్రం. కానీ ఈద ఇ వ్వెల్త వాళ్లకీ తెలుసు.

బోర్డింగ్ పాస్ స్పెయిన్‌లో తర్హేత దె ఎంబార్కె. 419కి పాసె దె అబొర్దార్.

అండీస్ డెస్క్

కొలంబియాలో దాన్ని పసబొర్దొ అంటారు, పాసె దె అబొర్దార్ అన్నా ఇబ్బంది ఉండదు. మా కస్టమర్లకి రెండూ అలవాటే. అలాగే పెట్టేయండి.